ఆరు మీద ఒకటి

మా మామయ్య నోట "ఏడు" అనే మాట వినడానికి నేను ఈ ఇంట్లో, ఆయన లెక్కలోనే చెప్పాలంటే, పదహారు మీద ఒక సంవత్సరం కాపురం చేయాల్సి వచ్చింది. అదీ మా వాళ్ల వల్ల కాదు, ఊరి వాళ్ల వల్ల కాదు. ఎక్కడో ఆస్ట్రేలియాలో బంతి తన్నిన అమెరికా పిల్లల వల్ల.

తెలుగు రాష్ట్రాల సరిహద్దు అవతల దోర్నపాల్‌లో, జగ్దల్‌పూర్ నుంచి కోంటా పోయే రోడ్డు పక్కన మాది కిరాణా దుకాణం. మామయ్య పేరు కాశీవిశ్వనాథం. చుట్టుపక్కల పల్లెల వాళ్లకు సేఠ్. ఇక్కడి కొలగిన్నెను పైలీ అంటారు. కిలోలు వచ్చి ఎన్నాళ్లయినా పల్లె జనానికి బియ్యం పైలీతో పోస్తేనే తృప్తి. మామయ్య కొలిచేటప్పుడు చూడాలి. వీపు నిటారుగా పెట్టి, పైలీ ముంచి, అంచు మీద గోపురంలా లేచిన గింజ రాలిపోకుండా ఎత్తి, "లాభం" అంటారు. ఒకటి అనరు. ఆ తర్వాత రెండు, మూడు. మొదటి కొలత లాభం కావడం మా కులంలో తాతల నాటి అలవాటు, అందులో వింత లేదు. వింతంతా ఆరు దాటాక. ఆరు తర్వాత ఆయన "ఆరు మీద ఒకటి" అంటారు, ఆపైన ఎనిమిది.

"ఏడంటే ఏడుపమ్మా. గల్లాపెట్టె ముందర ఏడుపెందుకు?" అన్నారు నేను కొత్త కోడలిగా వచ్చిన వారంలో. పొద్దున్నే చుట్టాలకు ఏడు గ్లాసుల టీ పెట్టానని చెప్పిన పాపానికి ఆ రోజు ఆయన టీ తాగలేదు. నాది చర్ల దగ్గర పల్లె, మా వాళ్లకు ఇన్ని పట్టింపులు లేవు. మొదట్లో నవ్వొచ్చేది. ఏడుకొండలవాడిని ఆయన "తిరుపతి సామి" అనే అనేవారు. సాయంత్రం బస్సు ఎప్పుడని అడిగితే "ఆరు కొట్టినంక ఇంకో గంటకు" అనేవారు. తర్వాత్తర్వాత అర్థమైంది, ఆ మనిషికి ఒకరి ఏడుపు చూస్తే తట్టుకునే శక్తి లేదని. అత్తయ్య పోయినప్పుడు కూడా ఏడ్చే ఆడవాళ్లందరినీ లోపల వదిలేసి దుకాణంలో ఉప్పు బస్తా మీద ఒక్కరే కూర్చున్నారట.

అత్తయ్య పేరు కన్యకాపరమేశ్వరి. అదే పేరు మా అమ్మాయికి పెట్టుకున్నాం. పిలుపులో పరమి.

రెండు శ్రావణాలొచ్చిన ఆ వానాకాలం, అంటే రెండు వేల ఇరవై మూడులో, శబరి నది పొంగి కోంటా దగ్గర రోడ్డు మునిగింది. లారీలన్నీ దోర్నపాల్‌లో బారులు తీరాయి. సరుకు లేక దుకాణం సగం ఖాళీ. బడులకు సెలవు. అట్లాంటి ఒక మధ్యాహ్నం మామయ్య కునుకు తీస్తుంటే వెనక గోడౌన్‌లోంచి ధబ్, ధబ్ అని చప్పుడు. పందికొక్కులనుకుని ఆయన కర్ర పట్టుకుని లేచారు. నేనూ వెనకాలే వెళ్లాను.

గోడౌన్‌లో ఖాళీ గోనెసంచులన్నీ నేల మీద పరుపులా పరిచి ఉన్నాయి. మూసిన షట్టరు ముందు మా పరమి మోకాళ్లు వంచి నిలబడి ఉంది. ఎదురుగా బియ్యం బస్తాల పక్క నుంచి ఒక అమ్మాయి చెప్పుల్లేని కాలితో బంతిని ఈడ్చి తన్నింది. పరమి గాల్లోకి లేచి, పక్కకు పూర్తిగా చాచుకుని, ఆ బంతిని రెండు చేతులా పట్టుకుని గోనెల మీద దబ్బున పడింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి నవ్వుతూ లేచిన పిల్ల తాత చేతిలో కర్రను చూసి అట్లాగే నిలబడిపోయింది.

"ఏంది ఇది?" అన్నారు మామయ్య.

"ప్రాక్టీసు తాతా."

"కోమటోళ్ల పిల్ల గోనె సంచుల మీద పొర్లుడు ప్రాక్టీసా? అమ్మవారి పేరు పెట్టుకున్నవ్ బిడ్డా."

"అందుకే బనీను మీద పూర్తి పేరు రాయలేదు తాతా. కె.పి. అని రాసింది ఆటల మేడం. అమ్మవారికి బురదంటదు" అంది నా కూతురు. ఈ నోరు ఎవరి పోలికో నన్నడక్కండి.

తన్నిన పిల్ల పేరు కోసే. గొల్లపల్లి వైపు రైతుల బిడ్డ, హాస్టల్లో ఉండి పరమితో కలిసి చదువుతుంది. బళ్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కట్టిందని, అందులో మా పిల్ల గోల్‌కీపరని నాకు తెలుసు. మా ఆయన చక్రికీ తెలుసు. మామయ్యకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేక, ఆయనకు ఆయనే కనుక్కుంటారులే అని వదిలేశాం. కనుక్కున్నారు.

ఆ రోజు ఆయన కోసే చేతిలో రెండు బెల్లం ముక్కలు పెట్టి పంపించి, గోనెలు మడిచి పెట్టమని పరమికి చెప్పి వెళ్లి పడుకున్నారు. గండం గడిచిందనుకున్నాను. అసలు గండం మరునాడు గొడుగేసుకుని వచ్చింది.

ఆ వచ్చినావిడ బడిలో ఆటలు నేర్పే దుర్గ మేడం. తర్రెం ఆమె ఊరు. పొట్టిగా, గట్టిగా, మాటలో ఇసుమంత బెరుకు లేకుండా ఉంటుంది.

"సేఠ్‌జీ, జగ్దల్‌పూర్‌లో సెలక్షన్ ఉంది. స్కూళ్ల మధ్య నాకౌట్ మ్యాచులు. అందులో బాగా ఆడినోళ్లను స్పోర్ట్స్ హాస్టల్‌కు తీస్కుంటరు. మీ బచ్చీ చేతులు మామూలు చేతులు కావు. సంతకం పెట్టుండ్రి, నేను తోలుకపోత."

"ఎప్పుడు?"

"వచ్చే హఫ్తా."

"అధిక మాసం నడుస్తుంది. ఈ నెలల కొత్త చీపురు గూడ కొనం మేము. పిల్లను గడప దాటిస్తమా?" అని మామయ్య త్రాసు తుడవడం మొదలుపెట్టారు. ఆయన త్రాసు తుడుస్తున్నారంటే బేరం అయిపోయిందని అర్థం. దుర్గ మేడానికి ఆ సంగతి తెలియదు, ఇంకాసేపు మాట్లాడి, సంతకం పెట్టాల్సిన కాగితం ఇచ్చి పోయింది.

ఆ సాయంత్రం పరమి తాత ఎదురుగా కూర్చుంది. అలగలేదు, బతిమాలలేదు. ఆ పిల్లలో నాకు నచ్చేది అదే. కొట్టుకు వచ్చిన బేరగాడిలా నేరుగా అడిగింది.

"అధిక మాసం సంగతి పక్కన పెట్టు తాతా. అసలు భయం చెప్పు."

మామయ్య గల్లాపెట్టె మూత వేశారు. నెమ్మదిగా అన్నారు. "ఆటంటే ఓడుడుంటది. పదిమందిల ఓడిపోయి, నువ్వు ఏడ్చుకుంట ఇంటికొస్తే నేను చూడలేను బిడ్డా. ఆ పేరు పెట్టుకున్నోళ్లు ఏడ్వద్దు."

"మంచిగ ఆడేటోళ్లు ఓడరు తాతా. అమెరికా ఆడపిల్లలను చూడు. పోయిన రెండు కప్పులూ వాళ్లవే. ఇన్ని వరల్డ్‌కప్పులల్ల మూడో నంబరుకు కింద ఒక్కసారి గూడ పడలే. ఆదివారం మధ్యాహ్నం నాకౌట్ ఉంది, స్వీడన్ మీద. నాతో కూసుని చూడు. గెలిచే ఆట ఎట్లుంటదో చూసినంక మాట్లాడు."

మామయ్య కళ్లలో వ్యాపారి మేల్కొన్నాడు. "ఖాయంగ గెలుస్తరా?"

"ఖాయం."

"అయితే మాటనుకుందాం. వాళ్లు గెలిస్తే మేడం కాగితం మీద సంతకం పెడత. ఓడితే మళ్ల ఈ మాట ఇంట్ల ఎత్తొద్దు. సరేనా?"

"సరే" అంది పరమి, క్షణం కూడా ఆలోచించకుండా.

ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లల కాళ్ల మీద నా కూతురు తన భవిష్యత్తంతా పెట్టేసింది. రాత్రి మా ఆయనతో అంటే, "నాన్నది నిజమే, పరమిదీ నిజమే" అన్నాడు. మా ఆయన ఎప్పుడూ అంతే. గోడ మీద పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు దూకుతుంది, ఆయన దూకడు.

ఆదివారం పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. అన్నాలు తిని, దుకాణం చక్రికి అప్పజెప్పి, అందరం వెనక గదిలో టీవీ ముందు చేరాం. కరెంటు పోయినా ఇన్వర్టరుంది కాబట్టి పరమి నిశ్చింతగా ఉంది. కోసే మధ్యలో ఊరికి పోయి, ముందు రోజే వరి నాట్ల నుంచి తిరిగొచ్చింది. మోకాళ్ల దాకా పొలం మట్టి మరక ఇంకా వదల్లేదు. వస్తూ వస్తూ ఆకు దొన్నెలో కాల్చిన మొక్కజొన్నలు తెచ్చింది.

"తెల్ల బనీన్లు అమెరికా, పసుపుపచ్చవి స్వీడన్" అని పరమి తాతకు పాఠం మొదలుపెట్టింది.

మామయ్యకు పది నిమిషాల్లో ఆట పట్టుబడింది, అరగంటలో నోరు లేచింది. "అగో, ఆ పిల్ల ఒంటరిగ ఉన్నది, ఇయ్యరాదూ!" అని టీవీని కసిరారు. అమెరికా వాళ్లు అలల్లాగా మీద పడుతూనే ఉన్నారు. అటువైపు స్వీడన్ గోల్‌కీపరు ఒక్కతే వచ్చిన ప్రతి బంతినీ తోసేస్తూ, పట్టేస్తూ నిలబడింది. నాకు ఆటలో ఓనమాలు తెలియవు గానీ, ఆ పిల్లను చూస్తుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"ఆ గడప కాడ నిలబడ్డ పిల్ల ఎవరు?" అన్నారు మామయ్య.

"కీపర్ తాతా. నేను ఆడేది గూడ అదే."

"అందరు ఉరుకుతుంటే ఒక్కతే కాపలానా?"

"మరి నువ్వు? ఊరంతా తిరుగుతుంటే గల్లాపెట్టె కాడ నువ్వు ఒక్కనివే కూసుంటవ్ గదా."

మామయ్య నా వైపు చూశారు. నేను మొక్కజొన్న గింజలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఆట అయిపోయింది, గోల్ లేదు. అదనపు సమయం ఇచ్చారు, అప్పుడూ లేదు. "ఇంతసేపు ఉరికి ఒక్కటి గూడ కొట్టలే. ఇదేం బేరం?" అని మామయ్య విసుక్కున్నారు కానీ కుర్చీ మాత్రం టీవీకి దగ్గరగా జరుపుకున్నారు. ఇక పెనాల్టీలు. ఒక్కొక్కరే వచ్చి కీపరు మీదికి తన్నాలి, ఎవరివి ఎక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు అని కోసే నాకు చెప్పింది. పరమికి కూర్చోబుద్ధి కాలేదు, తలుపు పట్టుకుని నిలబడింది.

అమెరికా పిల్ల మొదటిది కొట్టింది. వలలో పడింది.

"లాభం" అన్నారు మామయ్య, పైలీ ఎత్తినట్టు. ఆయనకు తెలియకుండానే కొలత మొదలైపోయింది.

రెండు. మూడు. మూడూ పడ్డాయి. స్వీడన్ వాళ్లవి మొదటి రెండూ పడ్డాయి, మూడోది గోల్ కమ్మీ మీదుగా పైకి పోయింది. పరమి ఎగిరి గంతేసింది. అమెరికా వాళ్ల నాలుగోది కూడా పైకే పోయింది. స్వీడన్ నాలుగోదాన్ని అమెరికా కీపరు ఆపేసింది. "ఇప్పుడు కొడితే అయిపోయింది తాతా! ఇది పడితే గెలిచినట్టే!" అని పరమి అరిచింది.

"ఐదు" అన్నారు మామయ్య. ఆ బంతి పక్క నుంచి పోయింది. స్వీడన్ వాళ్లు కొట్టి సమం చేశారు.

ఆరోది కొట్టడానికి అమెరికా గోల్‌కీపరే వచ్చింది. ఇంతసేపు గడప కాసిన మనిషి తానే బంతి పెట్టుకుని, వెనక్కి నడిచి, వచ్చి కొట్టింది. పడింది. మామయ్య తొడ మీద చరిచారు. "దుకాణం కాసుడే కాదు, బేరం గూడ చేస్తది! శెభాష్!" స్వీడన్ వాళ్లూ కొట్టారు. మళ్లీ సమానం.

ఇంకో అమెరికా పిల్ల వచ్చి బంతి పెట్టుకుంది. మామయ్య కుర్చీ అంచు మీదికి వచ్చేశారు. రెండు చేతులూ ముందుకు చాచారు, ఆ బంతిని తానే తోసేసేలా.

"ఏడు" అన్నారు.

బంతి కమ్మీకి తగిలి బయటికి పోయింది.

ఆ తర్వాత స్వీడన్ పిల్ల కొట్టినదాన్ని అమెరికా కీపరు ఆపింది. ఆపినట్టే ఉంది. బంతి పైకి ఎగిరితే మళ్లీ అందుకుని బయటికి తోసింది కూడా. ఆపానని చేతులు ఊపింది. పరమి "ఆగింది! ఆగింది!" అని అరుస్తూనే ఉంది. అంతలో రిఫరీకి చేతి గడియారంలో ఏదో కబురొచ్చింది, గోల్ అని చూపించింది. పచ్చ బనీన్లన్నీ ఒక్కసారిగా పరుగెత్తాయి. కాసేపటికి తెర మీద బంతి బొమ్మ వేసి చూపించారు. గీతకూ బంతికీ మధ్య వెలుతురు కనీకనిపించనంత సన్నగా ఉంది.

మామయ్య లేచి వెళ్లి, కళ్లద్దాలు సరిచేసుకుని, ముక్కు టీవీకి ఆనించినంత దగ్గరగా నిలబడి చూశారు. "దారమంత గూడ లేదు" అన్నారు. ఆ తర్వాత మరింత మెల్లగా, "కానీ దాటింది" అన్నారు.

అప్పుడు పరమికి గుర్తొచ్చింది.

"తాతా, నువ్వు ఏడు అన్నవ్!"

మామయ్య టీవీ దగ్గర నుంచి వెనక్కి తిరిగారు.

"జన్మల అననోనివి ఇప్పుడే ఎందుకన్నవ్? నువ్వన్నవ్, బంతి కమ్మీకి తగిలింది!" అని పిల్ల కళ్లు ఎర్రగా చేసుకుని నిలబడింది. ఒక్క చుక్క కూడా రాలనివ్వలేదు. తాత ఎదుట ఏడవకూడదని ఆ పిల్లకు ఉగ్గుపాలతో నేర్పాం మరి. ఆ క్షణంలో నా కూతురు ఏడ్చేస్తే బాగుండునని నేను దేవుడిని కోరుకున్నాను.

మామయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మళ్లీ టీవీలో ఓడిపోయినవాళ్లనే చూస్తూ ఉండిపోయారు. వాళ్లు ఏడుస్తున్నారు. దాచుకోవడం లేదు. ముఖాలు కప్పుకోవడం లేదు. ఒకరి మెడ మీద ఒకరు తల పెట్టుకుని, గట్టిగా పట్టుకుని, ప్రపంచమంతా చూస్తుండగా ఏడుస్తున్నారు.

కోసే మాత్రం మొక్కజొన్న కంకి చివరి వరుస తీరిగ్గా కొరికింది. "మస్తు ఆడిండ్రు" అంది. "మా ఊళ్ల టోర్నమెంటుల గెలిచినోళ్లకు మేక ఇస్తరు తాతా. ఓడినోళ్లను గూడ కూసోబెట్టి ఆ మేక కూరనే పెడతరు. ఆడినోళ్లందరికీ ఆకలైతది గదా."

మామయ్య దొన్నెలోంచి ఇంకో కంకి తీసి ఆమె చేతిలో పెట్టారు.

సాయంత్రం పరమి గోడౌన్‌లో గోనెలన్నీ మడిచి కట్టలు కట్టింది. చేతి తొడుగులు ఉతికి తీగ మీద ఆరేసింది. నేను వెళ్లి, "తాతను నేనడగనా?" అన్నాను.

"వద్దమ్మా. మాట మాటే. నేనే సరే అన్న" అంది. అప్పుడు మాత్రం నా భుజం మీద తల పెట్టి, చప్పుడు రాకుండా ఏడ్చింది. నా కడుపున పుట్టిన పిల్లే అయినా నాకంటే పెద్దదనిపించింది. నాకైతే ఆ వయసులో ఓడిపోయిన పందెం పాటించడం చేతనయ్యేది కాదు, ఇప్పుడూ కాదు. తలెత్తి చూస్తే గోడౌన్ తలుపు దగ్గర మామయ్య ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో తెలియదు. కట్టలు కట్టిన గోనెలను చూసి, మమ్మల్ని చూసి వెళ్లిపోయారు. ఏడుపు చూసి ఆయన దుకాణంలోకి పారిపోకుండా అంతసేపు నిలబడటం నేను ఎరగను.

మరునాడు పొద్దున దుకాణం తెరిచి, దీపం పెట్టి, "పరమీ, ఇటు రా" అని పిలిచారు. నేనూ చక్రీ కూడా వెళ్లాం. బియ్యం బస్తా మూతి విప్పి ఉంది. మామయ్య పైలీ పట్టుకుని బొటనవేలు లోపలికి పెట్టి ముంచారు, పైకెత్తారు.

"ఈ కొలత ఎట్లుంది?"

"తక్కువైతది తాతా. వేలు లోపలున్నది" అంది పరమి.

"గిరాకికి ఇట్ల పోస్తే?"

"దొంగ కొలత."

"చెల్లుతదా?"

"చెల్లదు. మళ్ల కొలవాలె."

మామయ్య బియ్యం మళ్లీ బస్తాలో పోసేశారు. "నిన్న కొలతల నా నోరు పడ్డది. నలభై ఏండ్ల నుంచి ఈ ఊళ్ల ఒక్కని కొలతల నేను వేలు పెట్టలే. సొంత మనవరాలి కొలతల పెట్టిన. మళ్ల కొలుద్దామంటే వాళ్లు మళ్ల ఆడరు. కాబట్టి ఆ మాట చెల్లదు." చొక్కా జేబులోంచి దుర్గ మేడం ఇచ్చిపోయిన కాగితం తీసి గల్లాపెట్టె మీద పెట్టారు. సంతకం అప్పటికే చేసి ఉంది.

పరమి కదల్లేదు. "మరి అధిక మాసం తాతా?"

"అధికమంటే ఎక్కువనే గదా. ఎక్కువల పోతే ఏమైతది, పో."

చక్రి పెద్దగా నవ్వేశాడు. "నాన్నది నిజమే" అన్నాడు. ఆ రోజు మాత్రం రెండో సగం అనలేదు.

పరమి బట్టలు సర్దుకోవడానికి లోపలికి పరుగెత్తాక నేను ఉండబట్టలేక అడిగాను. "మామయ్యా, మీరు ఏడు అన్నందుకే ఆ బంతి కమ్మీకి తగిలిందని నిజంగా అనుకుంటున్నరా?"

ఆయన త్రాసు తుడుచుకుంటూ, "ఓడినంక ఎట్లుంటరో చూడాలని ఉండె నాకు. చూసిన" అన్నారు. త్రాసు తుడుస్తున్నారు కాబట్టి నేను ఇంకేమీ అడగలేదు.

బస్సెక్కేటప్పుడు పరమి తాత కాళ్లకు దండం పెట్టింది. ఆయన దీవించి, సంచిలో మురుకుల డబ్బా కుక్కి, కోసే చేతికి ఇంకో డబ్బా ఇచ్చారు. దుర్గ మేడానికి మాత్రం, "ఓడితే ముందు అన్నం పెట్టుండ్రి, తర్వాత ఫోన్ చెయ్యుండ్రి" అని చెప్పారు.

ఫోను వచ్చిన రోజు మా దగ్గర సంత. వాన తెరిపిచ్చింది, రోడ్డు తెరిచారు, దుకాణం నిండా జనం. మామయ్య హుంగా అనే రైతుకు బియ్యం కొలుస్తున్నారు. లాభం, రెండు, మూడు అంటూ ఆరు దాకా వచ్చారు. అప్పుడు నా ఫోను మోగింది. పరమి పేరు చూసి నేను స్పీకరు నొక్కి గల్లాపెట్టె మీద పెట్టాను. మామయ్య పైలీ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది.

"తాతా, ఓడిపోయినం."

మామయ్య కళ్లు మూసుకున్నారు.

"ఎంతల ఓడిండ్రు బిడ్డా?"

"లాభం తాతా" అంది పరమి. "ఒక్క లాభమే తేడా. చివరి నిమిషంల పడ్డది. అంతకుముందు ఎన్ని ఆపిననో మేడంనడుగు. కోసేను హాస్టల్‌కు తీసుకున్నరు! నా పేరు ఇంకా చెప్పలే. వచ్చే ఏడాది మళ్ల రమ్మనొచ్చు అన్నది మేడం."

"నీకు బాధలేదా?"

"మస్తుంది తాతా. బస్సుల కూసోని మంచిగ ఏడుస్త. ఇప్పుడైతే ఆకలైతుంది, అన్నం పెడుతుండ్రు. ఉంట."

ఫోను పెట్టేసింది. నేను మామయ్య ముఖంలోకి చూడటానికి భయపడ్డాను. ఆయన దుకాణం ముందున్న జనం వైపు తిరిగి, లాటరీ తగిలినవాడిలా గొంతెత్తారు.

"మా పరమి జగ్దల్‌పూర్‌ల ఓడిపోయింది! లాభం తేడాతోని!" తెలుగు రానివాళ్ల కోసం అదే మాట హిందీలో అన్నారు. హిందీ రాని ముసలమ్మల కోసం గోండీలో అన్నారు. జనానికి నవ్వాలో అయ్యో అనాలో తెలియలేదు.

"లాభమొచ్చిందా సేఠ్? మంచిదే గదా" అన్నాడు హుంగా, సంచి మూతి తెరిచి పట్టుకునే.

"మంచిదే హుంగా, మంచిదే" అని మామయ్య భుజం మీది కండువాతో కళ్లు ఒత్తుకున్నారు, అందరి ముందే. "ఎక్కడి దాకొచ్చినం?"

"ఆరు అయినయ్."

మామయ్య పైలీ ముంచి, బొటనవేలు బయట పెట్టి, అంచు మీద గింజ గోపురంలా లేచేలా ఎత్తారు. హుంగా సంచిలోకి ఒంపారు.

"ఏడు" అన్నారు.